ఐదు వేల రూపాయల వెబ్ ఆప్షన్ల జాబితా: ఒక ఇంజనీరింగ్ కన్సల్టెన్సీ సేవపై సమీక్ష

జగిత్యాలలో మోటార్ వైండింగ్ దుకాణం నడిపే మా బావ, 2025 మే నెలలో తెలంగాణ ఈఏపీసెట్ (ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష) ఫలితాలు వచ్చిన వారం రోజులకే ఫోన్ చేసి, హైదరాబాద్‌లో ఒక కన్సల్టెన్సీకి ఐదు వేల రూపాయలు కట్టేశానని, ఇక వాళ్ళు చెప్పినట్టు వెబ్ ఆప్షన్లు పెట్టడమే, అంటే కావలసిన కళాశాలలు, బ్రాంచీలను ఆన్‌లైన్‌లో వరుసగా ఎంచుకోవడమే మిగిలిందని చెప్పారు. మా మేనకోడలికి పదకొండు వేల పైచిలుకు ర్యాంకు వచ్చింది. బీసీ-డి కేటగిరీ. మంచి ర్యాంకే, కానీ ఏ కళాశాలలో ఏ బ్రాంచి వస్తుందో కళ్ళు మూసుకుని చెప్పగలిగేంత మంచిది కాదు. సరిగ్గా ఇటువంటి ర్యాంకుల ఇళ్ళలోనే ఈ కన్సల్టెన్సీలకు గిరాకీ. ప్రభుత్వ కౌన్సెలింగ్‌కు మేము చెల్లించిన ప్రాసెసింగ్ రుసుము 1,200 రూపాయలు. దానికి నాలుగు రెట్లకు పైగా పెట్టి కొన్న ఈ సలహా ఎంతవరకు పనికివచ్చిందో, మరొకరు డబ్బు కట్టేముందు తెలిస్తే మంచిదని ఇది రాస్తున్నాను. సంస్థ పేరు రాయడం లేదు. ఇటువంటివి ఆ వీధిలోనే మరికొన్ని ఉన్నాయి, ఒక్కరి పేరు రాస్తే మిగిలినవారంతా నిర్దోషులైపోతారు.

దిల్‌సుఖ్‌నగర్‌లో రెండో అంతస్తులో ఉన్న ఆ కార్యాలయానికి జూన్ చివరి వారంలో బావ, అక్క, అమ్మాయి, నేను నలుగురం కలిసి వెళ్ళాం. మేము కట్టిన డబ్బుకు వారు ఇస్తామన్నవి మూడు: ఒకసారి ముఖాముఖి కూర్చుని మాట్లాడడం, అమ్మాయి ర్యాంకుకు తగిన అరవైకి పైగా ఆప్షన్లతో ఒక జాబితా, మొదటి విడతలో ఆ ఆప్షన్లను వారే వెబ్‌సైట్‌లో నమోదు చేసి ఫ్రీజ్ (ఖరారు) చేయడం. రెండో విడతకు వేరే రుసుము.

ముందుగా వారికి దక్కవలసిన మెచ్చుకోలు చెప్పాలి. ధ్రువపత్రాల విషయంలో వారి పని తప్పుపట్టడానికి లేదు. బావ తెచ్చిన ఆదాయ ధ్రువపత్రం కిందటి ఏడాదిది. కౌన్సెలింగ్‌కు ఆ ఏడాది జనవరి 1 తర్వాత జారీ అయినదే చెల్లుతుందని అక్కడి అమ్మాయి కాగితం చేతిలోకి తీసుకోగానే చెప్పి, మీసేవలో కొత్తదానికి దరఖాస్తు చేయించింది. ఆ మాట ముందుగా తెలియకపోతే హెల్ప్‌లైన్ కేంద్రంలో పరిశీలన రోజున ఇబ్బంది పడేవాళ్ళం. స్లాట్ బుకింగ్, ఏ కాగితానికి ఎన్ని నకళ్ళు, స్టడీ సర్టిఫికెట్లు ఏ తరగతి నుంచి కావాలి వంటివన్నీ ఓపికగా, ఒకటికి రెండుసార్లు చెప్పారు. అక్క చేత రాయించారు కూడా. ఈ వివరాలన్నీ అధికారిక ప్రకటనలో ఉన్నవే, కానీ అది చదివి అర్థం చేసుకునే తీరిక, ధైర్యం అందరికీ ఉండవు.

ఇక అసలు సరుకు, ఆ జాబితా. నాలుగు పేజీల ప్రింటు. క్రమసంఖ్య, కళాశాల కోడ్, బ్రాంచి కోడ్, గత ఏడాది అక్కడ సీటు దొరికిన చివరి ర్యాంకు, చివరన ‘ఛాన్స్’ అనే పేరుతో ఒక శాతం. మొత్తం 62 వరుసలు. వాటిలో 58 కంప్యూటర్ సైన్స్ కుటుంబానివే: సీఎస్ఈ, సీఎస్ఎం (ఏఐ), సీఎస్‌డీ, ఐఎన్‌ఎఫ్ అంటూ ఆ కోడ్‌లే మళ్ళీ మళ్ళీ వస్తాయి. నాలుగు ఈసీఈ (ఎలక్ట్రానిక్స్). మా అమ్మాయి అడిగినది ఈఈఈ (ఎలక్ట్రికల్). అది ఒక్కటీ లేదు.

ఆ పిల్ల ఊరికే అడగలేదు. ఇంటర్ సెలవుల్లో దుకాణంలో కూర్చుని, కాలిపోయిన బోరు మోటారులోంచి పాత తీగ లాగి, స్లాట్లు లెక్కపెట్టి, కొత్త రాగి తీగ ఎన్ని చుట్లు చుట్టాలో తండ్రి పుస్తకంలో రాసిపెట్టే పని తనదే. చుట్లు తగ్గితే మోటారు ఎందుకు వేడెక్కుతుందో ఫిజిక్స్ లెక్చరర్‌ను అడిగి వచ్చి తండ్రికే వివరించిన పిల్ల. ఈ సంగతి అక్క చెప్పబోతే సలహాదారు నవ్వి, ‘మేడమ్, ఈఈఈ తీసుకుంటే జెన్‌కో నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తూ కూర్చోవాలి, ఇప్పుడంతా ఏఐ’ అన్నారు. జెన్‌కో అంటే ప్రభుత్వ విద్యుదుత్పత్తి సంస్థ. విద్యార్థినిని అడిగిన ప్రశ్నలు రెండే: ర్యాంకు ఎంత, కేటగిరీ ఏది. నలభై నిమిషాల సమావేశంలో ఆమె మాట్లాడినది నిమిషం కూడా ఉండదు. జగిత్యాల పిల్ల అని తెలిసినా, జగిత్యాల నుంచి కరీంనగర్ దారిలో కొండగట్టు దగ్గర నాచుపల్లిలో జేఎన్‌టీయూ హైదరాబాద్ వారి సొంత ఇంజనీరింగ్ కళాశాల ఒకటి ఉందన్న ప్రస్తావన ఆ 62 వరుసల్లో ఎక్కడా లేదు. ఇంటి నుంచి రోజూ బస్సులో వెళ్ళి రాగల విశ్వవిద్యాలయ కళాశాలను వద్దనడానికి కారణాలు ఉండవచ్చు. అసలు పేరే ఎత్తకపోవడానికి మాత్రం నాకు ఒక్క కారణమూ తోచలేదు.

జాబితాలో నాకు అన్నిటికంటే వింతగా తోచినది వరుస క్రమం. ‘ఛాన్స్’ ఎనభై, తొంభై శాతం ఉన్న కళాశాలలన్నీ పైన, అవకాశం తక్కువ ఉన్న పేరున్న కళాశాలలన్నీ కింద పేర్చారు. ఉస్మానియా విశ్వవిద్యాలయ ఇంజనీరింగ్ కళాశాల సీఎస్ఈ 51వ వరుసలో ఉంది, పక్కన రెండు శాతం అని వేశారు. ఎందుకిలా అని అడిగితే, పై ఆప్షన్లు రాని సీట్లతో వృథా కాకూడదు కదా అన్నారు. సీటు కేటాయింపు జరిగే తీరు తెలిసినవారు ఈ మాట అనరు. కేటాయింపు ర్యాంకుల వరుసలో సాగుతుంది. ఒక విద్యార్థి వంతు వచ్చినప్పుడు కంప్యూటర్ ఆమె ఆప్షన్లను పైనుంచి కిందికి చూసుకుంటూ వచ్చి, ఆమె కేటగిరీకి ఖాళీ ఉన్న మొదటి చోట ఆగిపోతుంది, అంతకు కింద ఏముందో చూడనే చూడదు. కాబట్టి రాదనుకున్న కళాశాలను మొదట పెట్టినందువల్ల కింది ఆప్షన్లలో రావలసిన సీటు ఎటూ పోదు. మొదటిది దొరకకపోతే రెండోది, అది దొరకకపోతే మూడోది, అంతే. అదే తప్పకుండా వచ్చేదాన్ని పైన పెడితే, దానికింద ఎంత మంచి కళాశాల రాసుకున్నా కాగితం మీద అలంకారమే. ఈ కన్సల్టెన్సీ జాబితా ప్రకారం ఉస్మానియా సీఎస్ఈ దగ్గరికి లెక్క చేరాలంటే పై యాభైలో ఒక్కటీ రాకూడదు. ఆ యాభైలో ఒక్కటీ రాని ర్యాంకుకు ఉస్మానియాలో సీఎస్ఈ ఎలా వస్తుందో వారే చెప్పాలి. ఆప్షన్లకు ఉండవలసిన క్రమం మనకు కావలసిన క్రమమే తప్ప, మనకు వచ్చే క్రమం కాదు.

ఇటువంటి పొరపాటు వారు తెలియక చేశారా, తొంభై శాతం వరుసలు పైనుంటే ‘మేము చెప్పిన మొదటి ఐదింటిలోనే సీటు వచ్చింది’ అని తర్వాత చెప్పుకోవడానికి వీలవుతుందని చేశారా అన్నది నేను తేల్చలేను. గోడ మీద అతికించిన విద్యార్థుల ఫోటోల కింద అదే వాక్యం ఉన్నమాట మాత్రం నిజం.

ఆ శాతాలు ఎక్కడి నుంచి వచ్చాయో కూడా చూశాను. సాంకేతిక విద్యాశాఖ వెబ్‌సైట్‌లో ప్రతి ఏటా విడతలవారీగా చివరి ర్యాంకుల పట్టికలు ఉచితంగా దొరుకుతాయి. ఒక్కో కళాశాల, ఒక్కో బ్రాంచికి ఓసీ, బీసీలో ఐదు ఉపవర్గాలు, ఎస్సీ, ఎస్టీ, ఈడబ్ల్యూఎస్ వారికి బాలురకు వేరుగా, బాలికలకు వేరుగా గడులుంటాయి. చివరన ట్యూషన్ ఫీజు కూడా ఉంటుంది. రెండు గంటలు కూర్చుని ఆ పట్టికను వారి జాబితాతో సరిపోల్చితే, కనీసం పదకొండు వరుసల్లో బీసీ-డి బాలికల గడికి బదులు బాలుర గడిలోని ర్యాంకు వేసినట్టు బయటపడింది. మొదటి విడత అంకెలు కొన్ని, తుది విడత అంకెలు కొన్ని కలిసిపోయి ఉన్నాయి. ఇది శ్రద్ధ లోపం. అంతకంటే లోతైన ఇబ్బంది మరొకటి ఉంది. 2024-25 నుంచి ఏఐసీటీఈ (సాంకేతిక విద్యను నియంత్రించే జాతీయ మండలి) నిర్దిష్ట ప్రమాణాలున్న కళాశాలల్లో ఒక్కో బ్రాంచికి ఉండే గరిష్ఠ సీట్ల పరిమితిని ఎత్తివేసింది. దాంతో కంప్యూటర్ సైన్స్ సీట్లు పెరిగి, కొన్నిచోట్ల ఇతర బ్రాంచీల సీట్లు తగ్గాయి. సీట్ల సంఖ్య మారిన చోట నిరుటి చివరి ర్యాంకు మీద ఆధారపడి 87 శాతం, 91 శాతం అని లెక్కగట్టడం చిలక జోస్యానికి దశాంశాలు చేర్చడం వంటిది. ఆ పట్టికను పెద్ద గీతలతో చదువుకోవాలి: అమ్మాయి ర్యాంకుకు చాలా దూరం, అటూ ఇటూ, ఖాయం. ఈ మూడు గుంపులకు మించి దాని నుంచి పిండుకోవడానికి ఏమీ లేదు.

ఫీజు విషయంలో వారి సలహా బావను నిజంగా నష్టపరిచేదే. ‘మీకు ఇన్‌కమ్ సర్టిఫికెట్ ఉంది కదా సార్, ఫీజు గవర్నమెంటే కడుతుంది’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. బీసీ విద్యార్థులకు పూర్తి ఫీజు రీయింబర్స్‌మెంట్ ర్యాంకు పదివేల లోపు ఉన్నప్పటి మాట. ఆ గీత దాటితే ప్రభుత్వం ఇచ్చేది ఏడాదికి 35,000 రూపాయల వరకే. మా అమ్మాయి ఆ గీతకు వెయ్యి పైచిలుకు అవతల ఉంది. జాబితాలో నాలుగో స్థానంలో ఉన్న కళాశాల ఫీజు లక్షా ఇరవై వేలు అనుకుంటే, బావ జేబులోంచి ఏటా ఎనభై ఐదు వేలు, నాలుగేళ్ళకు మూడు లక్షల నలభై వేలు, హాస్టల్ ఖర్చు కాక. బకాయిలు విడుదల కావడం ఆలస్యమైతే ఆ 35,000 కూడా ముందు తల్లిదండ్రులనే కట్టమని అడిగే కళాశాలలు ఉన్నాయి. ఈ లెక్క కాగితం మీద వేసి చూపిస్తే బావ చాలాసేపు మాట్లాడలేదు. కన్సల్టెన్సీ జాబితాలో ఫీజు అనే గడే లేదు. వారు అంకెలు ఎత్తిరాసుకున్న ప్రభుత్వ పట్టికలో ఆ గడి ఉంది.

జాబితాలో నాలుగోదైన ఆ కళాశాలను చూసి వద్దామని అమ్మాయి, నేను ఒక గురువారం మధ్యాహ్నం వెళ్ళాం. నగర శివార్లలో పెద్ద ప్రాంగణం, గాజు అద్దాల ముఖద్వారం, స్వాగత విభాగంలో అత్యధిక ప్యాకేజీ వచ్చిన విద్యార్థి ఫోటో నిలువెత్తున. కార్యాలయం వారు మర్యాదగానే కూర్చోబెట్టి బ్రోచరు చేతికిచ్చారు. నేను బ్రోచరు తిరగేస్తుండగా అమ్మాయి వరండాలోకి వెళ్ళి నోటీసు బోర్డు ముందు నిలబడింది. వచ్చి, ‘మామయ్యా, ఒకసారి ఇటు రా’ అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి చూపించింది. సీఎస్ఎం రెండో సంవత్సరం, జి సెక్షన్ టైంటేబుల్. ఎ నుంచి జి వరకు ఏడు సెక్షన్లన్నమాట. కింద సబ్జెక్టుల ఎదురుగా అధ్యాపకుల పేర్లు రాసే చోట మూడు సబ్జెక్టులకు ‘న్యూ ఫ్యాకల్టీ-1’, ‘న్యూ ఫ్యాకల్టీ-2’, ‘న్యూ ఫ్యాకల్టీ-3’ అని టైపు చేసి ఉంది. కాగితం మీద తేదీ చూస్తే నడుస్తున్న సెమిస్టరుది కాదు, ముగిసిపోయిన సెమిస్టరుది. ఆర్నెల్లూ ఆ ముగ్గురు కొత్తవారు రానేలేదో, వచ్చినా పేర్లు రాయడం ఎవరికీ గుర్తురాలేదో. ఎలక్ట్రికల్ మెషీన్స్ ప్రయోగశాల చూపించమని అమ్మాయి అడిగితే తాళం చెవి కోసం ఇద్దరు అటెండర్లు పావుగంట వెతికి, చివరికి సార్ ఇంటికి వెళ్ళిపోయారని చెప్పారు. అప్పుడు సమయం మూడు గంటల పది నిమిషాలు.

ఆ ఒక్క మధ్యాహ్నంలో తెలిసినంత ఆ నాలుగు పేజీల్లో లేదు. కన్సల్టెన్సీ వారిని అడిగాను, ఈ 62 వరుసల్లోని కళాశాలల్లో మీరు ఎన్నింటిని చూశారని. ‘అన్నీ మాకు తెలిసినవే సార్’ అన్నారు.

కళాశాలకు వెళ్ళలేనివారికి కూడా దారులున్నాయి, వాటిలో ఒక్కటీ వీరి సేవలో భాగం కాదు. కేంద్ర విద్యాశాఖ ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకింగ్‌లో పాల్గొనే ప్రతి కళాశాల తాను సమర్పించిన వివరాలను తన వెబ్‌సైట్‌లోనే ఉంచాలి. అందులో చేరినవారు ఎందరు, గడువులోపు పట్టా పొందినవారు ఎందరు, ఉద్యోగాలు వచ్చినవారు ఎందరు, వారి మధ్యస్థ వేతనం ఎంత, పై చదువులకు వెళ్ళినవారు ఎందరు అన్నవి ఏడాదివారీగా కనిపిస్తాయి. ఫ్లెక్సీ మీద ఉండే అత్యధిక ప్యాకేజీ ఒక్కరి కథ. మధ్యస్థ వేతనం తరగతి గదిలో మధ్య బెంచీ మీద కూర్చున్నవారి కథ, మనకు కావలసింది అదే. అయితే ఆ అంకెలు బ్రాంచీలవారీగా ఉండవు, అన్నీ కలిపి ఉంటాయి. బ్రాంచి సంగతి తెలియాలంటే ఎన్‌బీఏ గుర్తింపు చూడాలి. న్యాక్ గుర్తింపు మొత్తం సంస్థకు ఇచ్చేది, ఎన్‌బీఏది ఒక్కో బ్రాంచికి విడివిడిగా, నిర్ణీత కాలానికి ఇచ్చేది. కొత్తగా పెట్టిన బ్రాంచీల నుంచి కనీసం రెండు బ్యాచ్‌లు బయటికి వస్తే తప్ప దానికి అర్హతే ఉండదు. కళాశాల గేటు మీద ‘ఎన్‌బీఏ గుర్తింపు పొందినది’ అని రాసి ఉన్నా, అది మనం చేరబోయే బ్రాంచికి ఉందా, గడువు ముగిసిందా అన్నది ఎన్‌బీఏ వెబ్‌సైట్‌లోనే చూసుకోవాలి. మా సలహాదారు న్యాక్, ఎన్‌బీఏ రెండింటినీ ఒకటే అన్నట్టు మాట్లాడారు.

జూలైలో ఆప్షన్ల నమోదు మొదలైంది. లాగిన్ ఐడీ, పాస్‌వర్డ్ ఇవ్వండి, ఓటీపీ వచ్చినప్పుడు ఫోన్‌లో చెప్పండి, మిగిలింది మేము చూసుకుంటాం అన్నారు. ఇక్కడ మాత్రం నేను ఒప్పుకోలేదు. ఓటీపీ చెప్పాక ఆప్షన్లు ఎవరి ఇష్టప్రకారం వెళ్తాయో, ఫ్రీజ్ చేసిన తర్వాత అందులో ఏముందో మనకు తెలిసే లోపు గడువు దాటిపోవచ్చు. అయినా వారి జాబితాను పరీక్షించకుండా పక్కన పడేయడం న్యాయం కాదనిపించింది. ఆ ఏడాది అసలు కేటాయింపుకు ముందు మాక్ (నమూనా) కేటాయింపు కూడా ఉండడం మాకు కలిసివచ్చింది. ముందుగా వారి 62 ఆప్షన్లనూ వారు చెప్పిన క్రమంలోనే అమ్మాయి చేత పెట్టించాను. మాక్ ఫలితంలో వచ్చిన సీటు వారి జాబితాలో నాలుగోది, సీఎస్ఎం, ‘న్యూ ఫ్యాకల్టీ’ల కళాశాల. సలహాదారు ఫోన్‌లో చాలా సంతోషించారు.

ఆ రాత్రి వంటింటి గట్టు మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని అమ్మాయి తన జాబితా తానే మళ్ళీ రాసింది. మొదట ఉస్మానియా ఈఈఈ, తర్వాత కూకట్‌పల్లి జేఎన్‌టీయూ ఈఈఈ, ఆ తర్వాత ఎన్‌బీఏ గడువు ఉన్న పాత కళాశాలల్లో ఈఈఈ, మధ్యలో తనకు పరవాలేదనిపించిన ఈసీఈలు, చివర్లో నాచుపల్లి, మొత్తం 34. కిందివైపు పాతికకు పైగా ఎందుకంటే, పైవి ఏవీ రాకపోతే ఖాళీ చేతులతో మిగలకూడదు కదా. కంప్యూటర్ సైన్స్ వద్దే వద్దంటావా అని అక్క రెండుసార్లు అడిగింది. ఒక్కటి పెట్టింది, అమ్మ కోసం. మొదటి విడతలో ఏడో ఆప్షన్ వచ్చింది: హైదరాబాద్‌లోని ఒక పాత స్వయంప్రతిపత్తి కళాశాలలో ఈఈఈ. ఫీజు కన్సల్టెన్సీ సూచించిన దానికంటే తక్కువ. ప్రయోగశాల తలుపు తెరిచే ఉంది, ముందే వెళ్ళి చూసి వచ్చాం.

ఫీజు కట్టి, ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ (సీటు ఒప్పుకున్నట్టు తెలపడం) చేసిన రెండు రోజులకు కన్సల్టెన్సీ నుంచి బావకు ఫోన్ వచ్చింది. రెండో విడతకు మరో పదిహేను వందలు కడితే మొత్తం 62 ఆప్షన్లూ మళ్ళీ పెట్టి ‘ఇంకా మంచి సీటు’ తెప్పిస్తామన్నారు. రెండో విడతలో కొత్త సీటు వస్తే మొదటి విడతలో వచ్చినది దానంతట అదే రద్దవుతుంది, వెనక్కి రాదు. అందువల్ల ఆ విడతలో చేతిలో ఉన్న సీటుకంటే నిజంగా ఎక్కువ ఇష్టమైనవాటినే పెట్టాలి, మిగిలినవి ఒక్కటి కూడా పెట్టకూడదు. వారి మాట విని ఉంటే, చేతిలో ఉన్న ఈఈఈ పోయి ఆ నాలుగో కళాశాల వచ్చిపడేది. అమ్మాయి రెండో విడతలో పైనున్న ఆరు మాత్రమే పెట్టింది. ఏదీ రాలేదు, ఏడోదే నిలిచింది.

అన్నీ కలిపి ఈ సేవకు నేను ఐదింటిలో ఒకటిన్నర ఇస్తాను. ఆ ఒకటీ ధ్రువపత్రాల దగ్గర కూర్చునే అమ్మాయికి, అర మార్కు ఆలస్యం చేయకుండా ఫోన్ ఎత్తినందుకు. ఇంట్లో ఇంటర్నెట్ తెలిసినవారు లేక, మీసేవకు, హెల్ప్‌లైన్ కేంద్రానికి మధ్య తిరగలేని కుటుంబం ఆ మొదటి భాగానికి మాత్రమే ఐదు వందలో వెయ్యో ఇచ్చి సాయం తీసుకోగలిగితే తప్పులేదు, కానీ అలా విడిగా అమ్మరట, అడిగాను. జాబితా భాగానికి మాత్రం చివరి ర్యాంకుల పట్టిక, ఒక గళ్ళ నోటు పుస్తకం, రెండు కళాశాలలకు బస్సు టికెట్లు చాలు. మాకు రానూ పోనూ బస్సు ఖర్చు నూట అరవై రూపాయలైంది.